పెట్టెలోంచి ఎదమీదికి

సీమ వైద్యం కథ: 14వ భాగం

నెలలు నిండకుండా కాన్పయిందని తెలిస్తే తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల ఊళ్లలో పలకరించడానికి వచ్చినవాళ్లు ముందుగా అడిగేది ఒకటే: "బిడ్డను పెట్టెలో పెట్టినారా?" పెట్టినారంటే సగం భయం, సగం ధైర్యం. అది ఇంక్యుబేటర్ కావచ్చు, పైనుంచి వేడి చిమ్మే వార్మర్ కావచ్చు, కామెర్లకు పెట్టే నీలిరంగు దీపం కావచ్చు. జనం నోట్లో అన్నీ పెట్టెలే. ఎన్ని రోజులు పెట్టెలో ఉంది, రోజుకు ఎంత కట్టినారు అన్నదాన్ని బట్టి గండం ఎంత పెద్దదో లెక్కేస్తారు. పెళ్లీడుకొచ్చిన మనవరాలిని చూపించి "ఇది పెట్టెలో పెరిగిన బిడ్డ" అని మురిసిపోయే అవ్వలు మన వీధుల్లోనే ఉన్నారు.

ఆ పెట్టె ఎక్కడినుంచి వచ్చింది, వచ్చి తల్లిని ఏ మూల నిలబెట్టింది, మళ్లీ బిడ్డ పెట్టె దిగి తల్లి ఎదమీదికి ఎట్లా చేరింది అన్నదే ఈ భాగం. పెట్టె ధనిక దేశాల్లో పుట్టింది. ఎదమీదికి తిరుగుదారి మాత్రం పెట్టెలు చాలని ఒక బీద ఆసుపత్రిలో మొదలైంది.

ముందు మన ఇంటి సంగతి చూద్దాం. బిడ్డను తల్లి ఎదకు ఆనించి పెంచడం గురించి ఎవరైనా మాట్లాడగానే "ఇదంతా మా అవ్వల కాలం నుంచి ఉన్నదే, తెల్లవాళ్లు ఇప్పుడు కనిపెట్టినారు" అనేవాళ్లు తప్పకుండా ఒకరుంటారు. ఆ మాటను నేను ఒప్పుకోలేను. మన పురుటి గదికి వేడి విలువ తెలుసు, నిజమే. గాలి చొరకుండా తలుపులు మూసేవాళ్లు, మంచం కింద కుంపటి పెట్టేవాళ్లు, బాలింత చెవుల్లో దూది పెట్టి తలకు గుడ్డ కట్టేవాళ్లు. కానీ అదే గదిలో మాయ పడేదాకా బిడ్డను పట్టించుకోకుండా పక్కన ఉంచడం, పుట్టీపుట్టగానే నీళ్లు పోయడం, ముర్రుపాలు పిండి పారబోసి తేనో చక్కెరనీళ్లో నాకించడం కూడా చాలా ఇళ్లలో జరిగింది. మైల పేరుతో తల్లినీ బిడ్డనూ ఎవరూ తాకకపోవడం ఉండనే ఉంది. మూడు కిలోల బిడ్డ ఇవన్నీ తట్టుకుని బతికేసేది. కిలోన్నర బిడ్డకు మొదటి స్నానమే చివరి స్నానమయ్యేది.

దీనికి తోడు ఒక నమ్మకం. ఏడో నెలలో పుట్టిన బిడ్డ బతుకుతుంది, ఎనిమిదో నెలలో పుట్టింది దక్కదు అని. ఇది మన ఒక్కరిదే కాదు. రెండువేల ఏళ్లకు పైబడిన గ్రీకు వైద్య గ్రంథాల్లో, హిప్పోక్రటీస్ పేరుమీద చలామణీ అయిన రాతల్లో ఇదే మాట ఉంది. రెండు చోట్లా తప్పే. కడుపులో గడిపిన ప్రతి వారమూ బిడ్డకు బలమే, కాబట్టి ఎనిమిదో నెల బిడ్డకే బతికే అవకాశం ఎక్కువ. దక్కదని ముందే తేల్చేసుకున్న బిడ్డకు పాలు పిండి పట్టేదెవరు? ఆ నమ్మకం అట్లా తనను తాను నిజం చేసుకుంటూ వచ్చింది.

కాన్పు ఆసుపత్రి గడప తొక్కడం మన వైపు ఆలస్యంగానే జరిగింది. 1911 ఏప్రిల్‌లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా చిత్తూరు పట్టణం ఉత్తర ఆర్కాటు జిల్లాకు ముఖ్యపట్టణం. వేలూరు కూడా ఆ జిల్లాలోదే. ఐడా స్కడర్ అనే అమెరికా యువతి దగ్గరికి ఒకే రాత్రి ముగ్గురు మగవాళ్లు వచ్చి తమ భార్యల కాన్పుకు ఆడ డాక్టరు కావాలని అడిగిన కథ, తెల్లారేసరికి ముగ్గురు తల్లులూ చనిపోయిన కథ ఈ ధారావాహికలో ఇంతకుముందే చెప్పుకున్నాం. ఆమె డాక్టరై తిరిగొచ్చి 1902లో వేలూరులో ఆడవాళ్ల ఆసుపత్రి తెరిచింది. ఆమె పనిచేసిన ఆర్కాటు మిషన్ వాళ్లే 1911లో మదనపల్లెలో మేరీ లాట్ లైల్స్ ఆసుపత్రి పెట్టారు. అప్పటి ధ్యాసంతా తల్లి ప్రాణం మీద. నెలలు నిండని బిడ్డకు దూదిలో చుట్టడం, పక్కన వేడినీళ్ల సీసాలు పెట్టడం తప్ప ప్రపంచంలో చాలా ఆసుపత్రులకు ఇంకో దారి తెలీదు. తిరుపతికి పెద్ద వైద్యం 1960లలో గానీ రాలేదు. 1960లో శ్రీ వేంకటేశ్వర మెడికల్ కాలేజీ మొదలైంది. దానితోపాటు ఇప్పుడు మనం 'రుయా' అని ముద్దుగా పిలుచుకునే శ్రీ వేంకటేశ్వర రామ్‌నారాయణ్ రుయా ఆసుపత్రి, కాన్పులకు ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రి నిలదొక్కుకున్నాయి. చిత్తూరు, కడప, నెల్లూరు పల్లెల నుంచి కష్టమైన కాన్పులన్నీ ఆ దారే పట్టాయి.

ఇక పెట్టె పుట్టుక. కోడిగుడ్లు పొదిగించే హేచరీలు చిత్తూరు వాళ్లకు చెప్పి చూపించనక్కర్లేదు. సరిగ్గా అక్కడినుంచే పసిబిడ్డల ఇంక్యుబేటర్ వచ్చింది. 1878లో పారిస్‌లోని ఒక జంతు ప్రదర్శనశాలలో కోడిపిల్లలను పొదిగించే యంత్రాన్ని స్తెఫాన్ తార్నియే అనే కాన్పుల డాక్టరు చూశాడు. అట్లాంటిదే బిడ్డల కోసం చేసిపెట్టమని ఆ యంత్రం తయారుచేసిన ఓదిల్ మార్తాఁను అడిగాడు. రెండు మూడేళ్లలో పారిస్ ప్రసూతి ఆసుపత్రిలో అది పనిలోకి దిగింది. కింద వేడినీళ్ల తొట్టి, పైన బిడ్డలు, మూత అద్దం. రెండు కిలోలకు తక్కువ బరువున్న బిడ్డల్లో అంతకుముందు నూటికి 66 మంది చనిపోతుంటే ఆ సంఖ్య 38కి దిగింది. ఇది చిన్న విషయం కాదు. పెట్టెను తిట్టబోయేవాళ్లు ముందు ఈ అంకె గుర్తుపెట్టుకోవాలి.

తార్నియే తర్వాత అక్కడ పనిచేసిన పియెర్ బుదాఁ ఒక సంగతి గమనించాడు. బిడ్డను పెట్టెలో పెట్టి తల్లిని ఇంటికి పంపేస్తే, కొన్ని వారాలకు ఆ తల్లికి బిడ్డమీద పట్టింపు తగ్గిపోతోంది, పాలూ ఎండిపోతున్నాయి. అందుకని తల్లి దగ్గరే ఉండాలి, ఆమె పాలే పట్టాలి అని 1900లో అచ్చయిన తన పుస్తకంలో రాశాడు. ఆ మాట పట్టించుకున్నవాళ్లు తక్కువ. పెట్టె మాత్రం సముద్రాలు దాటింది, అదీ ఆసుపత్రుల కంటే ముందు తిరునాళ్లకు. మార్టిన్ కూనీ అనే ఆయన 1896లో బెర్లిన్ ప్రదర్శనలో బతికున్న నెలతక్కువ బిడ్డలను పెట్టెల్లో పెట్టి టికెట్టు మీద చూపించాడు. 1903 నుంచి 1943 దాకా న్యూయార్క్ దగ్గర కోనీ ఐలండ్ అనే సముద్రతీరపు తిరునాళ్లలో, రంగులరాట్నాల పక్కన, పావు డాలరు టికెట్టుతో ఆ కొట్టు నడిచింది. వినడానికి రోతగా ఉంటుంది. కానీ ఆ టికెట్ల డబ్బుతోనే దాదులనూ నర్సులనూ పెట్టి, తల్లిదండ్రుల దగ్గర పైసా తీసుకోకుండా వేల బిడ్డలను బతికించాడు. అప్పటి చాలా ఆసుపత్రులు ఆ బిడ్డలను వదిలేసేవి.

ఆ తర్వాత ఆసుపత్రులు పెట్టెను స్వీకరించాయి, దానితోపాటు ఒక గోడనూ కట్టుకున్నాయి. సూక్ష్మక్రిముల భయం. నెలతక్కువ బిడ్డల గదిలోకి నర్సు తప్ప ఎవరూ పోకూడదు. తల్లి కారిడార్‌లో నిలబడి అద్దంలోంచి చూసుకోవాలి. ఇరవయ్యో శతాబ్దం మధ్యలో అమెరికాలో ఇదే శాస్త్రం, ఇదే శుభ్రత. 1960ల చివర్లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం డాక్టర్లు కొందరు చేతులు శుభ్రంగా కడిగించి, గౌను తొడిగించి తల్లులను లోపలికి రానిచ్చి చూశారు. భయపడినట్టు అంటురోగాలు పెరగలేదు. 1970లో ఆ ఫలితం అచ్చయింది. అయినా గోడ వెంటనే కూలలేదు. ఆ గోడను మనం అరువు తెచ్చుకున్నది సరిగ్గా ఆ రోజుల్లోనే. మన ఊళ్లలో కొత్త ఆసుపత్రులు లేచింది అప్పుడే మరి.

ఇప్పుడు కథ దక్షిణ అమెరికాకు పోతుంది. కొలంబియా రాజధాని బొగోటా సముద్రమట్టానికి 2,600 మీటర్ల ఎత్తున, ఏడాది పొడుగునా చలిగా ఉండే ఊరు. అక్కడి మాతాశిశు ఆసుపత్రి పేదల ఆసుపత్రి. ఒక్కో ఇంక్యుబేటర్‌లో ఇద్దరు ముగ్గురు బిడ్డలు. ఒకరికి వచ్చిన జబ్బు పక్కవాళ్లకు అంటుకునేది. నెలల తరబడి బిడ్డను చూడని తల్లుల్లో కొందరు తీసుకుపోవడానికే తిరిగి రాలేదు. ఈ పరిస్థితుల్లో 1978లో ఎడ్గార్ రే సనాబ్రియా అనే డాక్టరు కొత్త పద్ధతి మొదలుపెట్టాడు. కంగారూ పిల్ల ఎంత చిన్నగా పుట్టి తల్లి సంచిలో ఎట్లా పెరుగుతుందో చదివి ఆ ఆలోచన చేశాడని చెబుతారు. ఎక్టర్ మార్తినెజ్ అనే సహచరుడు దాన్ని ముందుకు తీసుకుపోయాడు. బిడ్డ ఊపిరి నిలకడగా ఉందనిపించగానే బట్టల్లేకుండా తల్లి రొమ్ముల మధ్య నిలువుగా పెట్టి కట్టేయడం, తల్లిపాలే పట్టడం, బరువు ఎంతున్నా నిలకడ చిక్కితే ఇంటికి పంపి తరచూ పిలిపించి చూసుకోవడం. మొత్తం పద్ధతి ఇంతే. దానికి పెట్టిన పేరు ఈరోజు మన ఆసుపత్రి గోడల మీద కూడా ఉంది: కంగారూ మదర్ కేర్. సిస్టర్లు 'కేఎంసీ' అంటారు.

1980ల మొదట్లో యునిసెఫ్ ఈ కబురు ప్రపంచానికి చాటింది. చావులు అమాంతం తగ్గిపోయాయని చెప్పింది. అప్పుడు ఇంగ్లండ్ నుంచి ఆండ్రూ వైట్‌లా, క్యాథరిన్ స్లీత్ అనే ఇద్దరు బొగోటా పోయి స్వయంగా చూసొచ్చి 1985లో లాన్సెట్ పత్రికలో ఒక ఘాటైన వ్యాసం రాశారు. వాళ్ల అభ్యంతరం సరైనదే. మొదటి రోజుల్లో చనిపోయిన బిడ్డలు ఆ లెక్కలోకి రాలేదు, గట్టిపడి మిగిలినవాళ్లనే తల్లికి కట్టారు, కాబట్టి పాత లెక్కతో ఈ లెక్కను పోల్చకూడదు. తల్లులు బాగా చూసుకుంటున్నారని మెచ్చుకున్నారు గానీ మహత్యాన్ని మాత్రం ఒప్పుకోలేదు. నా మటుకు ఈ కథ మొత్తంలో నాకు బాగా నచ్చిన ఘట్టం ఇదే. ఎందుకంటే బొగోటా వాళ్లు అలిగి కూర్చోలేదు. నతాలీ షార్పాక్ అనే ఫ్రెంచి మూలాల పిల్లల డాక్టరు బొగోటాలోనే 1993 నుంచి 1996 దాకా పకడ్బందీ పరీక్ష పెట్టింది. రెండు కిలోల లోపు బిడ్డలు 746 మంది. చీటీ వేసినట్టు సగం మందిని తల్లికి కట్టారు, సగం మందిని మామూలు పద్ధతిలో చూశారు. తల్లి ఎద కనీసం పెట్టెకు తీసిపోదని, కొన్ని విషయాల్లో మేలని తేలింది. ఇరవై ఏళ్ల తర్వాత ఆ పిల్లల్లో 264 మందిని వెతికి పట్టుకుని చూస్తే, ఎదమీద పెరిగినవాళ్లలో బడి ఎగ్గొట్టడమూ దుడుకుతనమూ తక్కువని 2017లో రాశారు.

మిషన్ ఆసుపత్రుల మాట ఎత్తాను కాబట్టి ఇంకొకటి. ఆఫ్రికాలోని జింబాబ్వేలో మనామా అనే పల్లెలో ఒక మిషన్ ఆసుపత్రి. అక్కడ ఇంక్యుబేటర్లే లేవు. 1980ల చివర్లో నిల్స్ బెర్గ్‌మన్, ఆగ్నెటా యూరిసూ అనే ఇద్దరు, నిలకడ వచ్చేదాకా ఆగకుండా, పుట్టిన వెంటనే బిడ్డను తల్లికి కట్టేశారు. గత్యంతరం లేదు కదా. కిలోన్నర లోపు బిడ్డల్లో అంతకుముందు పదిమందికి ఒకరు బతికేచోట సగం మంది బతికారు. బొగోటా చెప్పిన "ముందు నిలకడ, తర్వాత ఎద" అనే వరుసే తలకిందులేమో అన్న అనుమానం అక్కడ మొలిచింది. అది రుజువు కావడానికి ఇంకో ముప్పై ఏళ్లు పట్టింది.

బిడ్డను ఎదకు కట్టడం దగ్గరినుంచి చూస్తే చాలా మామూలు పని. తల్లి ముందు గుండీల నైటీ వేసుకుని వెనక్కి వాలే కుర్చీలో, నిలువుకూ పడకకూ మధ్యగా కూర్చుంటుంది. బిడ్డకు తలకు టోపీ, కాళ్లకు మేజోళ్లు, ఒక లంగోటీ, అంతే. సిస్టర్ ఒక చేత్తో మెడ వెనకా ఇంకో చేత్తో పిరుదుల కిందా పట్టి రొమ్ముల నడుమ నిలువుగా ఆనిస్తుంది. కాళ్లు కప్ప కాళ్లలా మడిచి ఉంటాయి. తల ఒక పక్కకు తిప్పి, గడ్డం కొంచెం పైకి ఉంచుతారు, ఊపిరి దారి మూసుకోకుండా. పైన బట్ట పట్టీ చుట్టి తల్లి వీపు వెనక ముడేస్తారు. తొలికాన్పు పిల్ల అయితే మొదటి పది నిమిషాలు ఊపిరి బిగబట్టుకుని కూర్చుంటుంది. "జారిపోతాదేమోనక్కా, భయంగా ఉండాది" అంటుంది. "ఏం గాదు, నువ్వు బిగదీసుకోవాకు, బిడ్డ కూడా బిగదీసుకుంటాది" అంటుంది సిస్టర్. గంటకు తక్కువ కాకుండా ఉంచాలి, ఎన్ని గంటలైతే అంత మేలు. చప్పరించే శక్తి లేని బిడ్డకు తల్లి పాలు పిండి ఉగ్గుగిన్నెతో చుక్కచుక్కగా పోస్తారు. పాతకాలపు సామాన్లలో కొత్త వైద్యానికి పనికొచ్చింది ఆ ఉగ్గుగిన్నె ఒకటి.

ఇందులో ఏం జరుగుతుంది? నెలతక్కువ బిడ్డ ఒంట్లో కొవ్వు ఉండదు, తోలు పలచన, బరువుతో పోలిస్తే ఒంటి వైశాల్యం ఎక్కువ. వేడి ఇట్టే కారిపోతుంది. 36.5 డిగ్రీల సెల్సియస్ కంటే కిందికి దిగితే ఊపిరి, చక్కెర, రక్తప్రసరణ అన్నీ అదుపు తప్పుతాయి. తల్లి ఎద వేడి బిడ్డ అవసరాన్ని బట్టి కొద్దిగా పెరుగుతుంది, తగ్గుతుంది. తల్లి ఒంటిమీది మామూలు క్రిములు బిడ్డ ఒంటిమీద స్థిరపడి, ఆసుపత్రి గోడల్లో ఉండే మొండి క్రిములకు చోటు తగ్గిస్తాయి. ఒడిలో బిడ్డ ఉంటే పాలు వాటంతటవే దిగుతాయి. ఊపిరి మరిచిపోయే బిడ్డకు తల్లి గుండె చప్పుడూ ఛాతీ కదలికా గుర్తుచేస్తూ ఉంటాయి.

మన దేశంలో ఈ పద్ధతి 1990ల నడుమ అహ్మదాబాద్ లాంటి చోట్ల మొదలైంది. బొంబాయి కేఈఎం ఆసుపత్రిలో 206 మంది బిడ్డలతో చేసిన పరీక్ష 2008లో అచ్చయింది. ఎదమీద పెరిగిన బిడ్డలు రోజుకు దాదాపు 24 గ్రాములు పెరిగితే, మిగతావాళ్లు పదిహేనున్నర. కేంద్ర ప్రభుత్వం 2011లో నవజాత శిశు విభాగాలకు నియమాలు రాసింది. జిల్లా ఆసుపత్రుల్లో, మెడికల్ కాలేజీల్లో ఎస్‌ఎన్‌సీయూ అని బోర్డు కనిపించే గదులు అవే. 2014లో ప్రత్యేకంగా కేఎంసీకి మార్గదర్శకాలు వచ్చాయి. ఆ గదుల పక్కనే తల్లులకు కేఎంసీ వార్డు ఉండాలన్నది అందులోని సారం. 'పక్కనే' అన్నది గమనించండి. బిడ్డ గట్టిపడేదాకా గదిలో, గట్టిపడ్డాక తల్లి దగ్గర. బొగోటా వరుసే.

ఆ వరుసను కదిలించింది ప్రపంచ ఆరోగ్య సంస్థ చేయించిన పెద్ద పరీక్ష. ఘనా, మలావీ, నైజీరియా, టాంజానియాల్లో ఒక్కో ఆసుపత్రి, మన దేశంలో ఢిల్లీ సఫ్దర్‌జంగ్. కిలో నుంచి కిలో ఎనిమిది వందల గ్రాముల లోపు బిడ్డలు 3,211 మంది. సగం మందిని పాత వరుసలో చూశారు. మిగతా సగాన్ని పుట్టిన రెండు గంటల లోపే తల్లికో, తల్లి లేవలేకపోతే ఇంట్లో ఇంకొకరికో కట్టారు. ఆక్సిజన్, సెలైన్, యాంటీబయాటిక్ అన్నీ ఎదమీద ఉండగానే. దీనికోసం ఐసీయూలోనే తల్లికి మంచం వేశారు. ఎదమీది సమయం కొత్త పద్ధతిలో రోజుకు సగటున 17 గంటలు, పాత పద్ధతిలో ఒకటిన్నర. 28 రోజులు గడిచేసరికి పాత పద్ధతిలో నూటికి 15.7 మంది చనిపోతే, కొత్తదానిలో 12 మంది. తేడా అంత స్పష్టంగా ఉందని తేలాక సగం బిడ్డలకు దాన్ని ఇవ్వకపోవడం న్యాయం కాదని పరీక్షను మధ్యలోనే ఆపేశారు. 2021లో ఫలితం అచ్చయింది. 2022 నవంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన నియమం మార్చుకుంది: పుట్టిన వెంటనే మొదలుపెట్టండి, రోజుకు 8 నుంచి 24 గంటలు. ఇళ్లలో కూడా ఇది పనిచేస్తుందని హర్యానా పల్లెల్లో 8,402 మంది బిడ్డలతో చేసిన పరీక్ష 2019లోనే చూపించింది.

ఒక జాగ్రత్త చెప్పాలి. ఇది పెట్టెకు చవకబారు బదులు అని పాలకులు అనుకునే ప్రమాదం ఉంది. సఫ్దర్‌జంగ్‌లో బిడ్డలు బతికింది ఎద ఒక్కదానితో కాదు. ఎద, దానితోపాటు ఊపిరి యంత్రం, మందులు, కన్ను మూయని నర్సులు. డబ్బుకు కొదవలేని స్వీడన్ ఆసుపత్రులు తల్లికీ తండ్రికీ బిడ్డ పక్కనే మంచం వేసి ఈ పద్ధతి నడుపుతున్నాయి. బీదలకు ఎద, ఉన్నవాళ్లకు యంత్రం అని పంచుకోవలసిన సంగతి కాదిది.

మన దగ్గర ఏది అడ్డం? తెలివి తక్కువై కాదు. ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 42 కాన్పులు సిజేరియన్లని 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. కోతపడిన తల్లి ఒక అంతస్తులో, బిడ్డ ఇంకో అంతస్తులో, ఒక్కోసారి ఇంకో ఆసుపత్రిలో. చిత్తూరులో కాన్పై బిడ్డను తిరుపతికి పంపిస్తే మధ్యలో 70 కిలోమీటర్లు. కుప్పం సరిహద్దు పల్లెల నుంచి అయితే ఇక చెప్పక్కర్లేదు. అంబులెన్సులో బిడ్డను తువ్వాల్లో చుట్టి అవ్వ ఒళ్లో పడుకోబెడతారు. ఆ అవ్వ రవికలో చర్మానికి చర్మం ఆనించి పైన దుప్పటి కప్పుకుంటే బిడ్డ చల్లబడకుండా చేరుతుందని చెప్పేవాళ్లు ఉండరు. తల్లి వచ్చినా ఆమెకు దొరికేది విజిటర్ హోదా. పొద్దున అరగంట, సాయంత్రం అరగంట. కోత నొప్పితో ప్లాస్టిక్ స్టూలు మీద పదిహేడు గంటలు ఎవరు కూర్చోగలరు? ఇంటికి పోయాక పురుడు, ఇరుకు ఇల్లు, మగవాళ్లు తిరిగే వసారా. రవిక విప్పుకుని కూర్చోవడానికి చాటైన మూల ఉండదు. అదే సర్వేలో మన రాష్ట్రంలో 15 నుంచి 19 ఏళ్ల ఆడపిల్లల్లో నూటికి దాదాపు 13 మంది అప్పటికే తల్లులో గర్భిణులో అని ఉంది. నెలతక్కువ కాన్పు ముప్పు ఆ వయసులో ఎక్కువ. ఆ పిల్లకు తన తల్లి తోడు లేకపోతే ఏ సిస్టర్ చెప్పినా చెవికెక్కదు.

తండ్రుల సంగతి వేరే. తండ్రి ఛాతీ కూడా అంతే వెచ్చన. అమ్మమ్మదీ, పిన్నిదీ అంతే. కన్నదే కట్టుకోవాలన్న నియమం ఎక్కడా లేదు. శ్రీనివాసుడికి కన్నతల్లి కాని వకుళమాతకు పేరూరు కొండమీద గుడి కట్టుకున్న ఊరు మనది, ఈ సంగతి మనకు ఒకరు చెప్పాలా? కానీ మన వార్డుల్లో మగవాణ్ని గేటు దగ్గరే ఆపేస్తారు. ఆ నియమానికి కారణం ఉంది, పక్క మంచాల్లో ఇతర ఆడవాళ్లుంటారు. తెర ఒకటి కడితే తీరే కారణం అది.

2020లో మన దేశంలో నెలలు నిండకుండా పుట్టిన బిడ్డలు 30 లక్షలు. ప్రపంచంలో ఏ దేశంలోనూ ఇంతమంది లేరు. తిరుపతిలో దాతలకు కొరత లేదు. 2021లో తితిదే పిల్లల గుండె ఆసుపత్రి తెరిచినప్పటి నుంచి ఎన్ని యంత్రాల పేర్లు పత్రికల్లో చదివామో. యంత్రాలు ఇచ్చేవాళ్లకు నమస్కారం. వాలుకుర్చీ కూడా వైద్య పరికరమే. దానిమీద కూడా దాత పేరు రాయించుకోవచ్చు. ఆసుపత్రి అభివృద్ధి కమిటీల్లో కూర్చునే పెద్దలు ఈసారి సమావేశంలో రెండు ప్రశ్నలు అడిగితే చాలు: నవజాత శిశు విభాగంలో తల్లికి ఎన్ని కుర్చీలున్నాయి, రోజుకు ఎన్ని గంటలు లోపల ఉండనిస్తున్నారు?

మీ ఇంట్లోనే అట్లాంటి కాన్పు జరిగితే, "పెట్టెలో పెట్టినారా" అని అడిగాక ఇంకోటి కూడా అడగండి: "ఎదమీద వేసుకోనిస్తున్నారా?" డాక్టరు ఇంకా వద్దంటే ఎందుకో, ఎప్పటినుంచి కుదురుతుందో అడిగి తెలుసుకోండి. అది మీ హక్కు.

(వచ్చే భాగం: మదనపల్లె ఆరోగ్యవరం, క్షయరోగులకు కొండగాలి వైద్యం)